పదివేల లక్సుల ఉదయం: అబెర్డీన్ చలికాలానికి కొన్న దీపం

చలికాలంలో పొద్దున్నే ముఖానికి ఎదురుగా పెట్టుకుని కూర్చునే దీపాలను స్కాట్లాండ్‌లో మందుల దుకాణాల్లో కూడా అమ్ముతారు. నేను నిరుడు సెప్టెంబరులో కొన్నది అడుగుకు కొంచెం పైగా ఎత్తున్న తెల్లని ఎల్‌ఈడీ పలక. వెనక నిలబెట్టడానికి ఒక కాలు, పక్కన వేలితో తాకే మీట, పెట్టె మీద పెద్ద అక్షరాలతో 10,000 లక్సులు అన్న మాట. లక్సు అంటే ఒక చోట పడే వెలుగును కొలిచే ప్రమాణం. వెల వంద పౌండ్లకు కాస్త తక్కువ. దీనితో నాకిది రెండో చలికాలం. ఈ దీపం నాకు ఉదయాన్ని తెచ్చిపెట్టింది. సాయంత్రాన్ని మాత్రం ఇవ్వలేకపోయింది. ఆ రెండు సంగతులూ వివరంగా రాయాలని ఉంది. ఎందుకంటే ఇక్కడికి కొత్తగా వచ్చే మనవాళ్లు, ముఖ్యంగా చదువుకోవడానికి వచ్చిన పిల్లలు, కోటు ఎక్కడ కొనాలి, బూట్లు ఎక్కడ కొనాలి అని అడుగుతారు గానీ, వెలుగు గురించి ఎవరూ అడగరు. డిసెంబరు వచ్చాక ఫోను చేసి, "అక్కా, పొద్దున లేవలేకపోతున్నాను, ఏదీ చేయబుద్ధి కావడం లేదు" అంటారు.

తయారు చేసిన సంస్థ పేరు రాయడం లేదు. ఇదే రకం దీపాలు చాలా సంస్థలవి ఉన్నాయి. నేను చెప్పేది ఎక్కువగా వాటన్నిటికీ వర్తిస్తుంది.

నేను శ్రీకాకుళం ఆడపడుచును. అరసవల్లి సూర్యనారాయణ స్వామి గుడికి నడిచి వెళ్లగలిగినంత దూరంలో పెరిగాను. పొద్దు ఎక్కడ పొడుస్తుందో, ఎప్పుడు వాలుతుందో పంచాంగం చూడకుండానే తెలిసిన ఇల్లు మాది. అక్కడ ఏడాదిలో అతి పొడుగు పగటికీ అతి పొట్టి పగటికీ తేడా రెండుంబావు గంటలకు మించదు. ఎండ ఎక్కువా తక్కువా అని మాట్లాడుకుంటాం గానీ, పగలు ఉంటుందా ఉండదా అన్న దిగులు ఎవరికీ ఉండదు. ఇప్పుడు నేనుంటున్న స్కాట్లాండ్ ఊరు అబెర్డీన్ ఉత్తరాన 57వ అక్షాంశం మీద ఉంది. జూన్‌లో పగలు దాదాపు 18 గంటలు. డిసెంబరు 21 ప్రాంతంలో ఉదయం 8:46కి సూర్యోదయం, మధ్యాహ్నం 3:27కి సూర్యాస్తమయం. అంటే ఆరుగంటల నలభై నిమిషాల పగలు. ఆ కాస్త సేపూ సూర్యుడు నెత్తి మీదికి రాడు. నడిమధ్యాహ్నం కూడా క్షితిజానికి తొమ్మిది డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు, ఎదురింటి పైకప్పు దాటడు. ఆగ్నేయ మూల లేచి నైరుతి మూల దిగిపోతాడు. మా వంటగది కిటికీ ఉత్తరానికి ఉంది. నవంబరు నుంచి జనవరి దాకా దానిలోంచి ఒక్క కిరణం కూడా లోపలికి రాదు.

ఈ ఊరు కట్టింది గ్రానైట్ రాయితో. ఎండ పడితే అందులోని అభ్రకం తళతళలాడుతుంది, అందుకే దీన్ని వెండి నగరం అంటారు. ఎండ లేని రోజున అదే రాయి, అదే ఆకాశం, అదే రోడ్డు, అంతా ఒకే బూడిద రంగు. సముద్రం నుంచి పొగమంచు వచ్చిందంటే వీధి చివర కూడా కనిపించదు.

నేను ఒక ఆసుపత్రి ప్రయోగశాలలో పని చేస్తాను. మా గదికి కిటికీలు లేవు. చలికాలంలో చీకట్లో వెళ్లి చీకట్లో తిరిగి వస్తాను. మా వారు ఉత్తర సముద్రంలో చమురు తీసే చోట ఉద్యోగం. మూడు వారాలు అక్కడ, మూడు వారాలు ఇంట్లో. ఆయన లేని మూడు వారాలూ ఏడేళ్ల బాబుతో ఇల్లు, ఉద్యోగం, చీకటి. ఈ ఊరికి వచ్చిన మొదటి చలికాలాల్లో నన్ను పట్టుకున్నది దుఃఖం కాదు, బరువు. ఎంత నిద్రపోయినా చాలేది కాదు. అన్నం తిన్న గంటకే మళ్లీ ఏదో ఒకటి తినాలనిపించేది. ఫోను మోగితే తీయాలనిపించేది కాదు. ఫిబ్రవరి చివరికి అదంతా దానంతట అదే తేలికయ్యేది. నాకు జబ్బు ఉందని ఏ వైద్యుడూ తేల్చలేదు. కానీ ఆ నెలల్లో నేను నేనుగా ఉండేదాన్ని కాదు, అంతే.

ఈ బరువుకు వైద్యంలో సీజనల్ అఫెక్టివ్ డిజార్డర్, అంటే కాలాన్ని బట్టి వచ్చే కుంగుబాటు, అని పేరు పెట్టింది నార్మన్ రోసెంథాల్ అనే వైద్యుడు. అమెరికా జాతీయ మానసిక ఆరోగ్య సంస్థలో పని చేస్తూ, సహచరులతో కలిసి 1984లో దీన్ని వివరించి, వెలుగుతో చికిత్సను కూడా పరీక్షించారు. ఆయన దక్షిణాఫ్రికా నుంచి అమెరికాకు వలస వెళ్లిన మనిషి. అక్కడి చలికాలంలో తనలోనే వచ్చిన మార్పును గమనించారు. ఎండ దేశం నుంచి వచ్చినవారికే ఈ లోటు ముందుగా కంటపడిందన్న సంగతి చదివినప్పుడు నాకు ఎంతో ఊరట కలిగింది. నాది బద్ధకం కాదని మరొకరు సాక్ష్యం చెప్పినట్టయింది.

ఇక దీపం వాడకం. ఆరింటికి లేచి, కాఫీ కలుపుకుని, ఆరుంబావుకు వంటగది బల్ల దగ్గర కూర్చుంటాను. దీపం సూటిగా కళ్లలోకి కాకుండా కొంచెం పక్కగా, ముఖానికి అడుగు దూరంలో ఉంటుంది. దాన్నే చూస్తూ ఉండకూడదు. కళ్లు తెరిచి ఉంచి, ఏదో ఒక పని చేసుకుంటూ ఉంటే చాలు. అరగంట. ఆ అరగంటలోనే బాబు డబ్బాకు ఏం పెట్టాలో ఆలోచిస్తాను, కూరగాయలు తరుగుతాను, అమ్మకు ఫోను చేస్తాను.

అమ్మతో మాట్లాడే ఆ వేళ ఈ దీపం వల్లే కుదిరింది. మాకు ఆరుంబావు అంటే చలికాలంలో శ్రీకాకుళంలో పదకొండూ ముప్పావు. అమ్మ డాబా మీద ఉంటుంది. డిసెంబరులో బూడిద గుమ్మడికాయ వడియాలు పెట్టి, కాకులు వాలకుండా కాపలా కాస్తూ కూర్చుంటుంది. వీడియోలో ఆమె వెనక ఎండ తెల్లగా పరుచుకుని ఉంటుంది. దీపం పెట్టిన కొత్తలో అమ్మ నన్ను చూసి, "ఏమమ్మా, మీకూ ఎండ కాస్తోందా? మొహం మీద ఇంత వెలుగు పడుతోందే!" అంది. ఫోను తిప్పి కిటికీ చూపించాను. కిటికీ నల్లగా ఉంది, వీధి దీపం తప్ప ఏమీ లేదు. అమ్మ కాసేపు మాట్లాడలేదు. తర్వాత తన ఫోనును కూడా తిప్పి, ఆకాశం చూపించింది. ఇప్పుడు అది అలవాటైంది. నేను అడగకపోయినా రోజూ ఒకసారి ఫోను పైకి ఎత్తుతుంది. అడుగు దూరంలో దీపం, చేతిలో అమ్మ చూపించే ఆకాశం. ఈ రెండింటిలో నన్ను లేపుతున్నది ఏదో విడదీసి చెప్పమంటే చెప్పలేను, చెప్పాలని కూడా లేదు.

ఫలితం మొదటి రోజునే రాలేదు. ఒక వారం గడిచాక, అలారం మోగకముందే మెలకువ రావడం మొదలైంది. రాత్రి పదింటికి నిద్ర సహజంగా ముంచుకొచ్చింది. మధ్యాహ్నం ప్రయోగశాలలో కళ్లు మూతలు పడడం తగ్గింది. తీపి మీద యావ కూడా కొంత తగ్గింది, పూర్తిగా పోలేదు. నిరుడు నవంబరులో నేను ఎవరి ఫోనూ తీయకుండా వదిలేయలేదు. నా వరకు ఇదే పెద్ద మార్పు.

లక్సుల లెక్క గురించి కాస్త ఆగి చెప్పాలి, ఎందుకంటే కొనేవారు మోసపోయేది ఇక్కడే. రాత్రి మన ఇళ్లలో వేసుకునే లైట్ల కింద వెలుగు ఒకటి రెండు వందల లక్సులు ఉంటుంది. కార్యాలయంలో అయితే మూడు నుంచి అయిదు వందలు. కంటికి ధారాళంగా ఉన్నట్టు అనిపిస్తుంది గానీ, బయట మబ్బు పట్టిన పగలు కూడా వెయ్యి లక్సులు దాటి, చాలాసార్లు అనేక వేలకు చేరుతుంది. మన వేసవి ఎండ లక్ష లక్సుల దాకా ఉంటుంది. మన కన్ను ఎంత తక్కువ వెలుగుకైనా సర్దుకుపోతుంది కాబట్టి ఈ తేడా మనకు తెలియదు. కానీ రెటీనాలో, బొమ్మను చూడడానికి కాకుండా కేవలం వెలుగు ఉందో లేదో మెదడుకు కబురు పంపడానికే ఉన్న కొన్ని కణాలు ఉన్నాయి. వాటిలోని మెలనోప్సిన్ అనే పదార్థం నీలి వెలుగుకు ఎక్కువగా స్పందిస్తుంది. ఆ కబురు అందితేనే ఒంట్లోని గడియారం పగలు మొదలైందని నమ్మి, నిద్ర పుట్టించే మెలటోనిన్‌ను తగ్గిస్తుంది. ఇంట్లో బల్బు వెలుగు ఆ కబురుకు చాలదు. అందుకే పదివేలు.

అయితే పెట్టె మీద రాసిన పదివేలు ఏ దూరంలో అన్నది అసలు ప్రశ్న. వెలుగు దూరంతో చాలా వేగంగా పలచబడుతుంది. నా దీపం కరపత్రంలో చిన్న అక్షరాలతో, అడుగు లోపు దూరంలోనే ఆ సంఖ్య వర్తిస్తుందని ఉంది. బల్ల అవతలి అంచున పెట్టి అరగంట కూర్చుంటే అందేది అందులో కొద్ది భాగమే. చిన్న పలకలు చవకగా వస్తాయి గానీ, వాటితో పదివేలు అందాలంటే ముఖం దాదాపు వాటికి ఆనించాలి, మెడ కదిలితే వెలుగు తప్పిపోతుంది. పలక పెద్దదైతే కొంచెం కదిలినా ఫరవాలేదు, కూరగాయలు తరుక్కోవచ్చు. పిల్లలున్న ఇంట్లో ఒకేచోట బొమ్మలా కూర్చోవడం ఎవరి వల్లా కాదు కాబట్టి, కాస్త ఎక్కువ పెట్టైనా పెద్దదే కొనమంటాను. అతినీలలోహిత కిరణాలను వడపోసినట్టు, వైద్య పరికరంగా గుర్తింపు ఉన్నట్టు పెట్టె మీద ఉందో లేదో కూడా చూడాలి.

ఆ వడపోత వల్లనే ఇది మరో లోటును తీర్చదు. ఈ దీపం ముందు ఎంతసేపు కూర్చున్నా ఒంట్లో విటమిన్ డి తయారుకాదు. చలికాలంలో ఇక్కడి ఎండ వల్ల కూడా కాదు. శరత్కాలం నుంచి చలికాలం చివరి దాకా అందరూ రోజుకు 10 మైక్రోగ్రాముల మాత్ర తీసుకోవడం మంచిదని ఇక్కడి ఆరోగ్యశాఖ చెబుతుంది. మనలాంటి చామనఛాయ, నలుపు ఒళ్లున్నవారు ఏడాది పొడుగునా తీసుకోవాలేమో ఆలోచించమంటుంది. దీపం కొన్నాం కదా అని మాత్ర మానేసినవారిని చూశాను కాబట్టి చెబుతున్నాను.

వైద్యుల మాట కూడా ఉన్నదున్నట్టు రాయాలి. ఈ చికిత్స ఫలితాల మీద ఆధారాలు ఇంకా స్థిరంగా లేవని బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు రాసే నైస్ సంస్థ అంటోంది. కంటి జబ్బులున్నవారు, వెలుగు పడితే ఒళ్లు మండించే మందులు వాడేవారు, ఉద్రేకం, కుంగుబాటు మారి మారి వచ్చే జబ్బు ఉన్నవారు వైద్యుణ్ణి అడగకుండా దీన్ని ముట్టుకోకూడదు. బతుకు మీద విరక్తి కలిగేంత కుంగుబాటు ఉంటే దీపం కోసం వెతకడం కాదు, వెంటనే వైద్యుడి దగ్గరికి వెళ్లాలి. నాలాగా పొద్దున లేవలేకపోవడం, ఒళ్లు బరువెక్కడం వరకే ఉన్నవారి గురించి నేను రాస్తున్నాను.

లోపాలు ఉన్నాయి. తాకే మీట తడి చేతులకు పలకదు. వంటగదిలో పొడి చేతులు ఎక్కడివి? తీగ పొట్టిది, బల్ల దాకా రావడానికి వేరే తీగ కలపాల్సి వచ్చింది. అరగంట కాగానే దానంతట అదే ఆరిపోయే ఏర్పాటు మంచిదే గానీ, ఆరేముందు చేసే కూతకు బాబు ఉలిక్కిపడి లేచేవాడు, దాన్ని ఆపే మార్గం లేదు. అన్నిటికంటే బాధ పెట్టింది, నిరుడు నవంబరు మధ్యలో ప్లగ్గు దగ్గరి అడాప్టర్ కాలిపోవడం. అమ్మిన సంస్థకు రాస్తే మర్యాదగానే జవాబిచ్చారు. కొత్తది రావడానికి మాత్రం దాదాపు నెల పట్టింది. వేసవిలో అయితే నేను పట్టించుకునేదాన్ని కాదు. ఈ వస్తువు బాగా అవసరమయ్యేదే చలికాలపు నాలుగు నెలలు. అందులో ఒక నెల వస్తువు లేకుండా పోతే కొనుగోలుకు అర్థం లేదు. ఇలాంటివి అమ్మేవారు చలికాలంలో అడాప్టర్లు సిద్ధంగా పెట్టుకోవాలి. నేను ఇప్పుడు ఇంకొకటి విడిగా కొని ఉంచాను.

ఆ నెలలోనే నాకు దీపం విలువ తెలిసింది, దాని హద్దు కూడా తెలిసింది. దీపం లేని ఉదయాలు మళ్లీ బరువెక్కాయి. సాయంత్రాలు మాత్రం దీపం ఉన్నప్పుడు ఎలా ఉన్నాయో, లేనప్పుడూ అలాగే ఉన్నాయి.

అక్టోబరు చివరి ఆదివారం ఇక్కడ గడియారాలు గంట వెనక్కి జరుపుతారు. నిన్న అయిదున్నరకు పడిన పొద్దు ఇవాళ నాలుగున్నరకే పడిపోతుంది. నాకు ఏడాది మొత్తంలో అన్నిటికంటే కష్టమైన రోజు డిసెంబరు 21 కాదు, ఈ ఆదివారం. మెల్లగా తగ్గుతున్న వెలుగును ఎలాగో ఓర్చుకుంటూ వస్తుంటే, ఒక్క రాత్రిలో సాయంత్రం మొత్తాన్ని తీసేసుకున్నట్టు ఉంటుంది. పక్కింటి పెద్దావిడకు ఈ విషయంలో నాతో పేచీ ఉంది. 1968 నుంచి 1971 దాకా బ్రిటన్ గడియారాన్ని వెనక్కి జరపకుండా ఏడాదంతా వేసవి సమయాన్నే పాటించి చూసింది. అప్పుడు ఆమె బడికి వెళ్లే పిల్ల. డిసెంబరులో సూర్యోదయం తొమ్మిదీ ముప్పావుకు అయ్యేదట, చేతికి మెరిసే పట్టీలు కట్టుకుని చీకట్లో నడిచి వెళ్లేవారట. "పిల్లలకు ఉదయం వెలుగు కావాలి, నీకు సాయంత్రం వెలుగు కావాలి. రెండిటికీ సరిపడా వెలుగు ఈ ఊరికి లేదు" అంటుంది. ఆమె మాట నిజం. నేను ఉదయం కోసం దీపం కొనుక్కోగలను కాబట్టి, నాకు సాయంత్రమే కావాలి.

సాయంత్రం నాకు ఎందుకంత ముఖ్యమో చెప్పడం కష్టం. కార్తీకంలో కడవ కడిగేంత పొద్దు కూడా ఉండదని మా నాయనమ్మ అనేది. అక్కడ అది పనుల తొందర గురించి చెప్పే మాట. ఇక్కడ అక్షరాలా అంతే. నవంబరు మధ్యకు నాలుగు కాకముందే పొద్దు గూకుతుంది. నాకు పనికి సెలవున్న రోజున మూడింటికి బాబును బడి నుంచి తీసుకుని నడిచి వస్తుంటే, ఇల్లు చేరేసరికి అసురసంధ్య. దేవుడి దగ్గర దీపం పెట్టి, కార్తీక సోమవారం నక్షత్రాలు చూసి ఉపవాసం విడుద్దామంటే, అయిదు కాకముందే ఆకాశం నల్లబడి ఉంటుంది, మబ్బు వల్ల ఒక్క నక్షత్రమూ ఉండదు. ఇంటికి ఫోను చేద్దామంటే అక్కడ రాత్రి తొమ్మిదిన్నర, పదిన్నర. అందరూ పడుకునే వేళ. అప్పటి నుంచి నిద్ర దాకా ఇంకా అయిదు గంటల రాత్రి మిగిలి ఉంటుంది. ఆ వేళ పదివేల లక్సుల దీపం వేసుకోకూడదు. సాయంత్రం వేస్తే ఒంట్లోని గడియారం వెనక్కి జరిగి, నిద్ర పాడవుతుంది. అంటే నాకు వెలుగు మీద ఎక్కువ ఆకలి వేసే వేళకే ఈ వస్తువు పనికిరాదు.

దానికి నేను కనుక్కున్న మందు, అది మందయితే, బయటికి వెళ్లడమే. మధ్యాహ్నం భోజన విరామంలో పావుగంటైనా ఆసుపత్రి ఆవరణలో నడుస్తాను. మబ్బులో, తుంపరలో, గాలిలో అయినా సరే. ఆ మబ్బు వెలుగు కూడా మా గదిలోని లైట్లకంటే ఎన్నో రెట్లు ఎక్కువ. శనివారం బాబును తీసుకుని డ్యూతీ పార్కుకు వెళతాం. 1883లో తెరిచిన ఆ పార్కులో అద్దాల కప్పు కింద పెద్ద తోట ఉంది. ప్రవేశానికి రుసుము లేదు. లోపల బ్రహ్మజెముడు జాతి మొక్కలు వరసలు వరసలుగా, ఉష్ణమండల మొక్కలు ఆకుల నిండా తేమతో. తలుపు తీసి లోపలికి అడుగుపెట్టగానే కళ్లద్దాల మీద ఆవిరి కమ్ముతుంది, తడి మట్టి వాసన వస్తుంది. ఆ వాసన దగ్గర నేను చాలాసేపు నిలబడతాను. కొత్తగా వచ్చిన విద్యార్థులకు దీపం కొనే స్తోమత లేకపోతే ముందు ఈ తోటకు, అదీ పగటిపూట, వెళ్లమని చెబుతాను.

దీపం కొన్నాక నాకు మరొకటి జరిగింది. వెలుగును గమనించడం మొదలుపెట్టాను. సూర్యాస్తమయం డిసెంబరు మధ్యలోనే వెనక్కి తిరుగుతుంది. సూర్యోదయం మాత్రం నెలాఖరు దాకా ఆలస్యమవుతూనే ఉంటుంది. అంటే నాకు ఇష్టమైన సాయంత్రమే ముందుగా తిరిగి వస్తుంది. ఖగోళం ప్రకారం ఉత్తరాయణం డిసెంబరు 21, 22 తేదీల్లోనే మొదలవుతుంది, మన పంచాంగంలో మకర సంక్రాంతి జనవరి మధ్యకు వస్తుంది. ఇక్కడ నివసించాక నాకు సంక్రాంతి తేదీయే సరైనదిగా అనిపిస్తోంది. డిసెంబరు చివర పగలు పెరిగేది నిమిషం, రెండు నిమిషాలు. అది లెక్కలో ఉంటుంది గానీ కంటికి ఆనదు. సంక్రాంతి నాటికి దాదాపు నలభై నిమిషాలు కూడి, నాలుగింటికి కూడా ఆకాశంలో పడమటి వైపు గులాబీ రంగు మిగిలి ఉంటుంది. పుష్యమాసానికి పూసంత వేసవి అన్న మాటకు ఇంతకంటే సరిపోయే ఊరు ఉంటుందని నేను అనుకోను. రథసప్తమికి పగలు ఎనిమిదిన్నర గంటల ప్రాంతానికి వస్తుంది. జిల్లేడు ఆకులు ఇక్కడ దొరకవు. ఆ రోజు దీపం వేయకుండా, పాలు పొంగించి, సూర్యోదయం దాకా కిటికీ దగ్గర నిలబడతాను. నిరుడు ఆ రోజు మబ్బు పట్టింది. అయినా నిలబడ్డాను.

అరసవల్లిలో మార్చిలో కొన్ని రోజులు, అక్టోబరులో కొన్ని రోజులు సూర్యోదయ వేళ కిరణాలు గర్భగుడిలోకి వచ్చి స్వామి పాదాలను తాకుతాయి. సూర్యుడు ఏడాదిలో రెండుసార్లు తూర్పున ఒకే చోట ఉదయిస్తాడు కాబట్టి ఆ రెండు నెలలు. అబెర్డీన్‌లో గడియారం ముందుకూ వెనక్కూ జరిగేది కూడా అవే నెలల్లో. వెలుగు అతి వేగంగా మారేది ఆ రోజుల్లోనే, రోజుకు నాలుగు నిమిషాలకు పైగా. చిన్నప్పుడు మార్చిలో జనంతో కిక్కిరిసిన గుడిలో నాన్న భుజాల మీద కూర్చుని ఆ కిరణం కోసం చూసిన నాకు, ఇక్కడ మార్చిలో ఉత్తరపు వంటగది గోడ మీద తొలి వెలుగు మరక పడడం అలాంటి దర్శనమే. బాబును పిలిచి చూపిస్తాను. వాడికి అదేమంత గొప్ప కాదు, వాడు ఈ ఊళ్లోనే పుట్టాడు.

వేసవి గురించి కూడా ఒక మాట, ఎందుకంటే ఈ దీపం అప్పుడు బీరువాలో ఉంటుంది, సమస్య తలకిందులవుతుంది. డిసెంబరు మధ్యాహ్నం సూర్యుడు క్షితిజానికి ఎంత పైన ఉంటాడో, జూన్ అర్ధరాత్రి సరిగ్గా అంతే కింద ఉంటాడు. అందువల్ల రాత్రంతా ఉత్తరాన ఆకాశం పూర్తిగా నల్లబడదు. ఉదయం నాలుగుంబావుకు ఈశాన్యంలో లేచిన సూర్యుడు రాత్రి పది దాటాక వాయవ్యంలో దిగుతాడు. చలికాలమంతా కిరణం ఎరగని నా వంటగది కిటికీలోంచి రాత్రి తొమ్మిదింటికి ఎండ వస్తుంది. ఎండ ఉండగా పడుకోనని బాబు మొండికేస్తాడు. మందపాటి నల్ల తెరలు కొనక తప్పలేదు. నాకు మాత్రం ఆ ఎండలో అంట్లు తోముకోవడమంటే ఇష్టం. జూన్‌లో నిద్ర తక్కువైనా అలసట ఉండదు. ఆ నెలలో మా వారు ఇంట్లో ఉంటే రాత్రి భోజనం చేశాక ముగ్గురం సముద్రం ఒడ్డుకు నడుస్తాం, తిరిగి వచ్చేసరికి కూడా వీధి దీపాలు వెలగవు.

కొనాలనుకునేవారికి చివరగా. సెప్టెంబరు మొదటి వారానికే ఇక్కడ సూర్యోదయం ఆరుంబావు అవుతుంది. నేను లేచే వేళకు పొద్దు పొడవకపోవడం అప్పటి నుంచే. కాబట్టి డిసెంబరులో కుంగిపోయాక కాదు, సెప్టెంబరులోనే మొదలుపెట్టండి. మార్చి చివర గడియారం ముందుకు జరిపాక ఉదయాలు మళ్లీ కొన్నాళ్లు చీకటవుతాయి, అందుకని ఏప్రిల్ మధ్య దాకా బల్ల మీదే ఉంచండి. కొనేటప్పుడు ధరకంటే ముందు రెండు చూడండి: పదివేల లక్సులు ఎంత దూరంలో అని రాశారో, అడాప్టర్ విడిగా దొరుకుతుందో లేదో. ఎందరో కలిసి ఉండే విద్యార్థుల ఇంట్లో ఒక్కటి కొని వంటగదిలో పెడితే చాలు, వంతులవారీగా కూర్చోవచ్చు. నా దీపానికి అయిదులో నాలుగు ఇస్తాను. తగ్గించిన ఒకటి కాలిపోయిన అడాప్టర్‌కు, ఆ నవంబరుకు. సాయంత్రాల కోసం ఏమీ తగ్గించలేదు. అది ఏ సంస్థా తయారు చేయగలిగింది కాదు.